సంచిలో ఉన్నది ఏ రకమో తేల్చే పరీక్ష రైతుకూ కావాలి

జిల్లా వ్యవసాయాధికారి గారికి నమస్కారం.

గత సార్వాలో సంచి మీద స్వర్ణ రకం అని ఉన్న వరి విత్తనం కొని ఊడ్చాను. ఈనే వేళకు కొన్ని దుబ్బులు నా ఛాతీ ఎత్తు పెరిగి కంకి వాల్చాయి, పక్కవి ఇంకా పొట్ట మీదే ఉన్నాయి. ఈ కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, ఏరడానికే నాలుగు రోజులు కూలీలను పెట్టాను. అమ్మిన వ్యాపారి మాత్రం నీటి యాజమాన్యం సరిగా లేదన్నాడు. స్వర్ణను 1982లో విడుదల చేసింది మన మార్టేరు పరిశోధన కేంద్రమే. అది ఎలా ఉంటుందో మాకు తెలియదా?

చిన్న ఆకు ముక్కతో డీఎన్ఏ పరీక్ష చేసి, అసలు రకంతో పోల్చి తేడా పట్టవచ్చు. కొత్త రకం తీసినవారికి హక్కు ఉండాల్సిందే, అది ఏళ్ల శ్రమ. అయితే 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ మాకూ హక్కులిచ్చింది. విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు లేకుండా అమ్ముకోవచ్చు. నమోదైన రకం చెప్పినట్టు పండకపోతే పరిహారం కోరవచ్చు. ఆధారం చూపలేక ఎంతమంది ఊరుకున్నారో!

దాళ్వా నారుమళ్లకు ముందే దుకాణాల్లో నమూనాలు తీయించండి. ఫలితాలు రైతు సేవా కేంద్రాల గోడలకు అంటించండి.

ఇట్లు,
మార్టేరు దాపున ఒక వరి రైతు