కిలోలతో పాటు అంగుళాలు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆరోగ్యం పేజీలో బరువు తగ్గిన వాళ్ళ అనుభవాలు వేస్తుంటారు. మా షాపుకొచ్చే ఆడవాళ్ళు బట్టలు తీసుకునేదాకా కూర్చుని ఆ పేజీయే చదువుతారు. ప్రతి అనుభవంలోనూ కిలోల లెక్కే ఉంటుంది. నడుము ఎంత తగ్గింది, షుగర్ రిపోర్టు ఎలా మారింది, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా లేదా అన్నవి కనిపించవు. అది చదివి డైట్ మొదలుపెట్టినవాళ్ళు రోజూ బరువు మిషన్ ఎక్కి చూసుకుంటారు. ముల్లు కదలకపోతే నెల తిరక్కుండానే వదిలేస్తారు. వాళ్ళలో చాలామంది వదిలేసే సమయానికి నిజంగానే తగ్గుతూ ఉంటారు. వాళ్ళ కొలతలు నా దగ్గర ఉంటాయి కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

నేను రాంనగర్‌లో లేడీస్ టైలర్‌ని. పాత కస్టమర్లందరికీ నా పుస్తకంలో తలా ఒక పేజీ ఉంది. చాతీ, నడుము, భుజం, చెయ్యి చుట్టు, పక్కన తేదీ. జాకెట్టుకి పక్కల మూడు కుట్లు వేస్తాం. ఒళ్ళు చేస్తే లోపలి కుట్టు విప్పుతాం, తగ్గితే మళ్ళీ లోపలికి వేస్తాం. ఏ పండక్కి ఎవరు ఎంత లూజు చేయించుకున్నారో ఆ పుస్తకం చూస్తే తెలిసిపోతుంది.

ఈమధ్య ఒక టీచరమ్మ ఆది జాకెట్టు పట్టుకుని వచ్చింది. షుగర్ అంచులో ఉందని డాక్టర్ చెప్పాడట. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తింటోంది, పొద్దున్నే ఉస్మానియా యూనివర్సిటీ లోపల నడుస్తోంది. వచ్చీ రాగానే, "అక్కా, ముల్లు కదుల్తలేదు. ఇంత కష్టం నాకెందుకక్కా, ఇయ్యాల్టి నుంచి అందరితోని సమానంగా తింట" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అత్తగారు రోజూ "ఏం తగ్గినవ్?" అని అడుగుతోందట. బరువు 74 నుంచి 73కి వచ్చి అక్కడే ఆగింది. నేను టేపు తీసి కొలిచాను. పుస్తకంలో నడుము 38 ఉంది, ఇప్పుడు 36 వచ్చింది. దసరాకి మూడో కుట్టు దాకా విప్పిన జాకెట్టుని ఈసారి మొదటి కుట్టుకి తెచ్చాను. ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూపించాక ఆమె చాలాసేపు ఆ పేజీనే చూస్తూ కూర్చుంది. తర్వాత చేయించుకున్న రక్త పరీక్షలో మూడు నెలల షుగర్ సగటు 6.2 నుంచి 5.8కి దిగింది. ఆ రోజు ఆమె మిషన్ మాట నమ్మి మానేసి ఉంటే ఎంత నష్టపోయేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మా చిన్నమ్మాయి న్యూట్రిషన్ చదువుతోంది. ముల్లు ఎందుకు కదలదో తనే నాకు లెక్క వేసి చెప్పింది. వారానికి అర కిలో తగ్గడం మంచి వేగం. అంటే రోజుకు 70 గ్రాములు. గ్లాసుడు నీళ్ళు తాగితేనే 200 గ్రాములు పెరుగుతాం. తిన్నది, తాగింది, ఒంట్లో నిలిచిన నీరు కలిసి బరువు ఒక్క రోజులోనే కిలో అటూ ఇటూ అవుతుంది. అంత హెచ్చుతగ్గుల మధ్య ఆ 70 గ్రాములు మిషన్‌లో ఎలా కనిపిస్తాయి? నెలసరి ముందు కొందరికి కిలో, రెండు కిలోలు కూడా పెరుగుతుంది. ఆవకాయ, అప్పడాలతో పెళ్ళి భోజనం చేసిన మర్నాడు పెరిగేది ఎక్కువగా ఉప్పు పట్టి ఉంచిన నీరే. కిలో కొవ్వు చేరాలంటే ఒంటికి కావలసిన దానికన్నా సుమారు 7,700 క్యాలరీలు అదనంగా తినాలి. ఒక్క విందులో అంత ఎవరూ తినలేరు. ఆ మర్నాడు మిషన్ చూసి "అంతా పోయింది" అనుకుని సాయంత్రం మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడేవాళ్ళు మాత్రం మా వీధిలోనే చాలామంది ఉన్నారు.

మొదటి వారంలో జరిగేది దీనికి తలకిందులు. అన్నం తగ్గించగానే కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉన్న పిండిపదార్థం ఖర్చవుతుంది. దాని ప్రతి గ్రాముతో దాదాపు 3 గ్రాముల నీరు కూడా పోతుంది. అందుకే మొదట గబగబా రెండు కిలోలు తగ్గి, తర్వాత ఆగిపోయినట్టు అనిపిస్తుంది. కొవ్వు కరగడం ఆగలేదు, నీరు పోవడం ఆగింది. ఈ ఒక్క ముక్క మొదటి రోజే ఎవరైనా చెబితే రెండో పక్షంలో అంతమంది నిరాశ పడరు.

చెప్పకపోగా, ఆ నిరాశ మీద వ్యాపారం చేసేవాళ్ళు ఉన్నారు. మా కస్టమర్ ఒకామె ఒక స్లిమ్మింగ్ సెంటర్‌లో ప్యాకేజీ కట్టింది. రోజూ మిషన్ ఎక్కించేవాళ్ళట. తగ్గని రోజున రాత్రి భోజనం కూడా మానేయమని, బదులుగా వాళ్ళ పౌడర్ తాగమని చెప్పేవాళ్ళట. బరువు తగ్గింది, నిజమే. జుట్టు కూడా కుచ్చులు కుచ్చులుగా రాలింది. చేతులు సన్నబడ్డాయి, పొట్ట మాత్రం అంత తేడా లేదు. చెయ్యి చుట్టు అంగుళంన్నర తగ్గి, నడుము అర అంగుళం తగ్గిందంటే ఆమె కొవ్వు కన్నా కండ ఎక్కువ పోగొట్టుకుందని నాకు అనిపించింది, మా అమ్మాయి కూడా అదే అంది. కిలోలు మాత్రమే చూస్తే అది గొప్ప విజయం. మీ పత్రికలో వేసే ప్రకటనల్లోనూ "నెలకు 10 కిలోలు గ్యారంటీ" లాంటివి కనిపిస్తాయి. అలాంటివి తీసుకునేముందు మీరు ఒకసారి ఆలోచించాలని గట్టిగా కోరుతున్నాను.

బరువు పెద్దగా తగ్గకపోయినా కష్టం వృథా కాదనడానికి మన దేశంలోనే పెద్ద ఆధారం ఉంది. చెన్నైలో డాక్టర్లు షుగర్ అంచులో ఉన్న 531 మందిని మూడేళ్ళ పాటు గమనించి 2006లో ఫలితాలు ప్రచురించారు. మామూలు సలహాతో సరిపెట్టుకున్న వాళ్ళలో నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. తిండి మార్చుకుని, క్రమం తప్పక నడిచిన వాళ్ళలో నూటికి 39 మందికే వచ్చింది. నడిచిన వాళ్ళ బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు! ఇది విన్నాక నేను ఆ టీచరమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

మా ఇంటికి దగ్గర్లోనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వాళ్ళు 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో పొట్ట చుట్టూ చేరే కొవ్వు గురించి ప్రత్యేకంగా హెచ్చరించారు. పళ్ళెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలన్నారు. మన ఇళ్ళల్లో పళ్ళెం నిండా అన్నం, పక్కన గరిటెడు కూర. దాన్ని తిప్పి పెట్టుకోవడానికి ఏ ప్యాకేజీ అక్కర్లేదు. బెండకాయో సొరకాయో ఎక్కువ వండితే చాలు. నేనూ రోజంతా కుట్టుమిషన్ ముందు కూర్చునే మనిషిని. అలాగే తింటూ, సందు చివరిదాకా అయినా నడుస్తూ నా నడుము 37 నుంచి 34కి తెచ్చుకున్నాను. బరువు తగ్గింది 2 కిలోలే. మోకాళ్ళ నొప్పి తగ్గడంతో ఇప్పుడు కుట్టుమిషన్ పెడల్ తొక్కడం తేలికైంది, నాకు అదే ఎక్కువ.

బరువు చూసుకోవద్దని నేను అనను. వారానికి ఒక్కసారి, పొద్దున్నే, ఏమీ తినకముందు, ఒకే మిషన్ మీద చూసుకుంటే చాలు. పాత ఇళ్ళలో షాబాద్ బండలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. జరిపి పెడితే అంకె మారిపోతుంది, కాబట్టి ఎప్పుడూ ఒకే చోట పెట్టాలి. రెండు మూడు నెలలైనా ముల్లూ టేపూ రెండూ కదలకపోతే అప్పుడు టీలో చక్కెర, కూరలో నూనె మళ్ళీ లెక్క చూసుకోవాలి. నీరసం కూడా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవడం మంచిది. షుగర్ మాత్రలు వాడేవాళ్ళు తిండి తగ్గించేముందు తప్పనిసరిగా డాక్టర్‌ని అడగాలి.

మీకు నా విన్నపం ఇది. అనుభవాలు వేసేటప్పుడు కిలోల పక్కన నడుము చుట్టు, షుగర్, బీపీ కూడా అడిగి రాయండి. కొలిచే పద్ధతి ఒక బొమ్మతో వేయండి. చివరి పక్కటెముకకీ, తుంటి ఎముక పైభాగానికీ సరిగ్గా మధ్యలో టేపు పెట్టాలి. మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి, పొట్ట లోపలికి పీల్చకూడదు. టేపు ఒంటికి ఆనాలి కానీ బిగించకూడదు. మన ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు, అంటే 31న్నర అంగుళాలు, మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, అంటే 35న్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలి. బస్తీ దవాఖానాల్లో బరువు, బీపీతో పాటు ఈ కొలత కూడా చీటీ మీద రాసిచ్చే ఏర్పాటు చేయమని అధికారులకు మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. అప్పటిదాకా మా షాపుకు వచ్చి అడిగిన ఎవరికైనా కొలిచి, తేదీ వేసి రాసిస్తాను. దానికి డబ్బులు తీసుకోను.

ఇట్లు,
ఒక లేడీస్ టైలర్,
రాంనగర్, హైదరాబాద్