ఏ ఫిల్ముతో పోల్చారు?

సంపాదకులకు,

తుంటి కీలు మార్పిడి అయినవాళ్ల ఎక్స్‌రే రిపోర్టుల్లో ‘స్టెమ్ పక్కన నల్ల గీత’, ‘ఎముకలో తెల్ల మచ్చ’ అని రాసి వదిలేస్తున్నారు. (స్టెమ్ అంటే తొడ ఎముక లోపలికి దింపే లోహపు కడ్డీ.) చదివినవాళ్లకు తోచేవి రెండే: కీలు ఊడిపోతోందని, కాదంటే క్యాన్సరని. చాలాసార్లు రెండూ కాదు.

నల్ల గీతనే తీసుకోండి. స్టెమ్‌ను పట్టి ఉంచే సిమెంటుకూ ఎముకకూ మధ్య 2 మి.మీ. లోపే ఉండి, ఏళ్లు గడిచినా మారకపోతే దాని జోలికి పోనక్కర్లేదు. గీత ఏటేటా వెడల్పవుతున్నా, స్టెమ్ చుట్టూ పాకినా, స్టెమ్ కిందికి దిగినా వదులైందని అనుమానించాలి. దిగిందా లేదా అన్నది కంటిచూపుతో తేలదు. గ్రేటర్ ట్రొకాంటర్ (తొడ ఎముక పైభాగాన బయటివైపు ఉండే బొడిపె) కొస నుంచి స్టెమ్ భుజం (దాని పైభాగపు బయటి మూల) దాకా పాత, కొత్త ఫిల్ములు రెండిట్లోనూ కొలవాలి. ఎక్స్‌రేలో బొమ్మ అసలు కన్నా పెద్దగా పడుతుంది కనుక స్టెమ్ పైన అమర్చిన బంతి సైజుతో సరిచూడాలి. 32 మి.మీ. బంతి ఫిల్ము మీద 38 వస్తే, అక్కడ 6 మి.మీ.గా కనిపించింది నిజానికి 5. బంతి సైజు ఆపరేషన్ నోట్సులో ఉంటుంది. ఆ కాగితం పారేయొద్దు.

తెల్ల మచ్చ అంచులు బ్రష్ పోగుల్లా చుట్టూ ఎముకలో కలిసిపోతుంటే అది మామూలుగా బోన్ ఐలాండే, అంటే హాని చేయని గట్టి ఎముక ముక్క. ఆపరేషన్‌కు ముందు ఫిల్ములోనూ అంతే ఉంటే చర్చే లేదు. ప్రొస్టేట్, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లలో కొత్తగా కనిపిస్తే మాత్రం వదలకూడదు. కీలు చుట్టూ కండలో పెరిగే ఎముకను 1973 నాటి బ్రూకర్ పద్ధతిలో నాలుగు తరగతులు చేస్తారు. మొదటి రెండు తరగతులవి తమలో ఉన్నట్టు చాలామందికి తెలియనే తెలియదు.

అసలు భయపడాల్సింది నొప్పి లేకుండా వచ్చేదానికి. బంతి తిరిగే కప్పులోని ప్లాస్టిక్ అరిగి రాలిన రేణువులకు ఒళ్లు ఎదురుతిరిగి, పక్క ఎముకనే తినేస్తుంది. బంతి కప్పు నడుమ ఉండక పైకి జరిగితే అరుగుదలకు అది ఆనవాలు. ఈ గుల్లను ఎక్స్‌రే అసలు కన్నా చిన్నగా చూపిస్తుంది, కొలవాలంటే సీటీయే. నడవగలుగుతున్నాం కదా అని ఏళ్ల తరబడి ఎక్స్‌రే మానేసేవాళ్లలోనే ఇది ముదురుతుంది.

ఆసుపత్రులకు రెండు మనవులు. ఆపరేషన్ అయిన వెంటనే తీసిన ఫిల్మును సీడీలో రోగికివ్వండి. తర్వాతి ఎక్స్‌రేలు స్టెమ్ కొస దాటి సిమెంటు చివరిదాకా తీసి, ఏ తేదీ ఫిల్ముతో పోల్చారో రిపోర్టులో రాయండి.

– ఒక రేడియాలజిస్టు