మన కాలనీ సంక్షేమ సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. డ్రైనేజీ, వీధి లైట్లు, వినాయక చవితి ఏటా ఉండేవే, ఈసారీ అయ్యాయి. పులిహోర కలిపిన రెండో వీధి ఆడవాళ్ళకి, షామియానాకి డబ్బులు తీసుకోని సభ్యుడికి, కుర్చీలు మోసిన కుర్రాళ్ళకి పేరుపేరునా థాంక్స్.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవాల్సింది మాత్రం క్రిమినల్ చట్టాల మీద పెట్టిన మీటింగే. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, కాస్త చెప్పండి సార్ అని లాయరు గారిని పిలిచాం. ఆయన హాల్లోకి వస్తూనే గోడ మీద ఫ్లెక్సీ చూసి ఆగిపోయారు. "దిశ చట్టం - 21 రోజుల్లో ఉరి" అని 2020లో మనమే కట్టించాం. ఇది చట్టం కాలేదండీ అన్నారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలకి త్వరగా శిక్ష పడాలని మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2019 డిసెంబర్ 13న బిల్లు పాస్ చేసిన మాట నిజమే, 7 రోజుల్లో దర్యాప్తు 14 రోజుల్లో విచారణ అని అందులో రాసిందీ నిజమే, కానీ కేంద్రం చేసిన చట్టంలో శిక్షలు రాష్ట్రం మార్చాలంటే రాష్ట్రపతి ఆమోదం కావాలంట, అది రాలేదు. పైగా 354ఈ లాంటి కొత్త సెక్షన్లు కలుపుదామనుకున్నది ఐపీసీలో, ఇప్పుడు ఆ ఐపీసీయే లేదు. మన రాజమండ్రిలోనే మొదటి దిశ పోలీస్ స్టేషన్ పెట్టారు, దిశ యాప్ వస్తే అందరం ఎక్కించుకున్నాం, చట్టం కూడా వచ్చేసిందనే అనుకున్నాం, నాతో సహా.

తర్వాత నంబర్లు చెప్పారు. హత్య 302 కాస్తా 103 అయింది, అత్తింటి వేధింపుల 498ఏ ఇప్పుడు 85, చీటింగ్ 420 పోయి 318. "అయితే మా బావమరిదిని ఇకమీద 318 గాడనాలా?" అని వెనక నుంచి ఓ పెద్దాయన అనేసరికి ఐదు నిమిషాలు మీటింగ్ ఆగిపోయింది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లో అయినా జీరో ఎఫ్ఐఆర్ రాయించుకోవచ్చు, ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే 3 రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి, ఈ రెండూ ఆడవాళ్ళు కాగితం మీద రాసుకుని మరీ వెళ్ళారు.

ముఖ్య అతిథిగా వస్తానన్న అధికారి రాలేదు, మూడుసార్లు తిరిగి ఒప్పించాం, ఆ రోజు ఫోన్ కూడా ఎత్తలేదు, ఆయన కోసం కొన్న శాలువా బీరువాలోనే ఉంది. మనవాళ్ళేం తక్కువ కాదు, వాట్సాప్‌లో అందరూ బొటనవేళ్ళు పెట్టారు, తీరా కుర్చీలు వేసే టైంకి నలుగురం.

జమాఖర్చులు నోటీసు బోర్డు మీద అంటించాం, డౌట్లుంటే కోశాధికారిని అడగండి.

ఫ్లెక్సీ దింపేశాం, గట్టి సరుకు, చిరగలేదు. స్కూటర్ మీద కప్పుకోడానికి ఎవరికైనా కావాలంటే హాల్లోంచి పట్టుకెళ్ళండి.

ఇట్లు,
కార్యదర్శి