పట్టి వదిలేస్తే చాలదు, బతికేలా వదలాలి

సంపాదకులకు,

అండమాన్‌లో గైడ్‌ని పెట్టుకుని చేపలు పట్టే ట్రిప్పులకు మన తెలుగువాళ్లు కూడా వస్తున్నారు. నేను పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో ఉంటాను. శ్రీకాకుళం నుంచి వేటకని వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం మాది. సీజన్‌లో టూరిస్టు బోట్ల మీద పనికి వెళ్తుంటాను.

వచ్చినవాళ్లందరికీ కావాల్సింది జీటీ, అంటే పెద్ద పార చేప. రాళ్ల అంచున అలలు విరిగే చోట పాపర్ (నీటి పైన చప్పుడు చేసే బొమ్మ ఎర) విసిరితే నీళ్లు పగిలేలా పైకొచ్చి కొడుతుంది. ఆ సంతోషం నాకూ తెలుసు, తప్పు పట్టను. పట్టి వదిలేయడానికే పడతారు కూడా. నా బాధంతా ఆ వదిలే తీరు గురించే.

ఈమధ్య ఒక బోటులో ముప్పై కిలోల పైబడ్డ పారను దవడకు కొక్కెం తగిలించి నిలువునా ఎత్తారు. తూకం చూశారు. ఒక్కొక్కరూ ఫోటో దిగారు, మళ్లీ వీడియో. అంత బరువు దవడ మీద వేలాడితే లోపల అవయవాలు దెబ్బతింటాయి. అసలే పెనుగులాడి అలసిపోయిన చేప, నీళ్లు లేకపోతే మొప్పలకు ఊపిరి అందదు. చివరికి సముద్రంలోకి విసిరేస్తే వెల్లకిలా కిందికి జారిపోయింది. సొరలు ఊరుకుంటాయా? గైడ్ మాత్రం 'రిలీజ్ చేశాం' అన్నాడు.

మూడు కొక్కేల గాలం తీసేసి ఒంటి గాలం వేయాలి, దాని కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లు పట్టకారుతో నొక్కేయాలి. చేప ఒంటి మీది జిగురు పోకుండా చేతులు తడుపుకుని, పొట్ట కింద ఒక చెయ్యి, తోక దగ్గర ఒక చెయ్యి వేసి అడ్డంగా పట్టుకోవాలి. తర్వాత తల ప్రవాహానికి ఎదురుగా ఉంచితే, కాస్త తేరుకుని అదే విదిలించుకుని పోతుంది. లోతులోంచి జిగ్‌తో (అడుక్కి దించి ఆడించే బరువైన లోహపు ఎర) లాగిన గ్రూపర్ (అడుగున రాళ్లలో ఉండే చేప) సంగతి వేరు. గాలి సంచి ఉబ్బి, పొట్ట నోట్లోంచి బయటికొస్తుంది, వదిలినా మునగలేదు. బరువు కట్టి అడుక్కి దించే క్లిప్పు బోటులో లేకపోతే, వండుకునేంత దొరకగానే లోతు వేట ఆపేయాలి.

డబ్బు కట్టేముందే గైడ్‌ని ఇవన్నీ అడగండి. ఎక్కడికి తీసుకెళ్తాడో కూడా అడగండి. వండూర్ దగ్గర 1983లో పెట్టిన మహాత్మా గాంధీ, హావ్‌లాక్ వైపు 1996లో పెట్టిన రాణీ ఝాన్సీ మెరైన్ నేషనల్ పార్కుల్లో వేట కూడదు. 'ఎవరు చూస్తారులే' అనేవాడి బోటు ఎక్కొద్దు.

మీ పత్రికకు ఒక్క మనవి. టూరిజం పేజీలో అండమాన్ గురించి రాసినప్పుడు చేపను వేలాడదీసిన ఫోటో వేయకండి, నీళ్లలో పట్టుకున్నది వేయండి. పేపర్లో చూసిన ఫోటోలాంటిదే కావాలని వచ్చినవాళ్లు మమ్మల్ని అడుగుతారు.

– ఒక బోటు పనివాడు, జంగ్లీఘాట్, పోర్ట్‌బ్లెయిర్ (శ్రీ విజయపురం)