పళ్ళ బీమా లెక్క

కంటోన్మెంట్,
విజయనగరం.

చిరంజీవి చిన్నబాబుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అమ్మ, నేను క్షేమం. అక్కడ అమెరికాలో నువ్వు, కోడలు, మనవడు క్షేమమని తలుస్తాను. ఉద్యోగం మానేసి సొంతంగా కాంట్రాక్టు పనికి మారావు గనుక కంపెనీ ఇచ్చిన పళ్ళ బీమా, అంటే దంతవైద్యపు బీమా, పోయిందని, విడిగా ఒకటి కొనమంటావా అని ఆదివారం ఫోనులో అడిగావు. నేను ఆలోచించకుండా "బీమా కదా, తీసుకో" అనేశాను. ముప్పై నాలుగేళ్ళు తపాలా కార్యాలయపు కౌంటరు వెనక కూర్చున్నవాడి నోటికి ఆ మాట అలవాటుగానే వస్తుంది. ఆ తరువాత కోడలు పంపిన ప్లాను కాగితాలను ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకుని రెండు రాత్రులు చదివాను. చదివిన మీదట, ఆ రోజు అన్న మాటను ఉన్నదున్నట్టుగా నిలబెట్టుకోలేననిపించి ఈ ఉత్తరం వ్రాస్తున్నాను.

తపాలా జీవిత బీమా 1884లో మొదలైంది. నేను ఎందరికో ఆ పాలసీలు కట్టించాను. ఏ ఇంట్లో ఎప్పుడు పడుతుందో తెలియని పిడుగు, పడితే ఆ ఇల్లు ఒంటరిగా తట్టుకోలేని పిడుగు, దాని కోసం పదిమందీ తలో కొంత వేసి పెట్టుకునే ఉమ్మడి సొమ్ము బీమా అని వాళ్ళకు చెప్పేవాణ్ణి. పళ్ళ సంగతి అలాంటిది కాదు. ఏడాదికి రెండుసార్లు క్లీనింగ్, రెండు మూడేళ్ళకొకసారి ఒక పంటికి సిమెంటు, నలభై దాటాక ఒకటో రెండో క్యాపులు అనేవి దాదాపు ప్రతి నోటికీ వచ్చే ఖర్చులే. వస్తుందని ముందే తెలిసిన ఖర్చుకు నెలనెలా ఒక కంపెనీకి కట్టి, వాళ్ళ జీతాలూ లాభమూ తీసుకోగా మిగిలినది తిరిగి పుచ్చుకోవడం బీమా కన్నా చీటీపాటకు దగ్గరగా ఉంటుంది.

ఆ కాగితాల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆపినది వార్షిక గరిష్ఠం అన్న మాట. మీ దేశపు ఆరోగ్య బీమాలో ఏడాదికి నీ జేబు నుంచి పోయే మొత్తానికి ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు దాటితే కంపెనీ భరిస్తుంది. పళ్ళ ప్లానులో హద్దు కంపెనీకి ఉంది. వెయ్యి డాలర్ల దాకా వాళ్ళు ఇస్తారు, ఆ పైన ఎంతైనా నువ్వే పెట్టుకోవాలి. అంటే నిజంగా పిడుగు పడిన నాడు, నాలుగు పళ్ళు ఒకేసారి పాడైన నాడు, గొడుగు నీ తల మీద కాక వాళ్ళ తల మీద ఉంటుంది. చాలా ప్లాన్లలో ఈ హద్దు వెయ్యి, పదిహేను వందలు, రెండు వేల డాలర్ల మధ్యనే ఉంటుందట. పళ్ళ వైద్యం ధరలు పెరిగినంతగా అది పెరగలేదు. నా దృష్టిలో బీమా అనే పేరుకే ఇది సరిపోదు.

నీకు అన్యాయంగా తోచిన నిరీక్షణ కాలం విషయంలో మాత్రం నేను కంపెనీని తప్పు పట్టను. సిమెంటుకు ఆరు నెలలు, క్యాపుకు పన్నెండు నెలలు ఆగాలన్నారు. ఒంటరిగా ప్లాను కొనడానికి వచ్చేవాడు సాధారణంగా పన్ను సలపడం మొదలైన తరువాతే వస్తాడు. ఆ గడువు లేకపోతే అందరూ ఈ నెల కట్టి, వచ్చే నెల క్యాపు వేయించుకుని, ఆ పై నెల మానేస్తారు. ఉద్యోగ బృందాలకు ఈ బెడద తక్కువ, ఎందుకంటే అందులో మంచి పళ్ళవాళ్ళూ చెడ్డ పళ్ళవాళ్ళూ కలిసే ఉంటారు. అసలు అమెరికాలో పళ్ళ బీమా పుట్టిందే అలా. 1954లో పసిఫిక్ తీరంలోని ఓడరేవు కార్మికుల సంఘం తమ పిల్లల పళ్ళ వైద్యం కోసం బేరమాడి దాన్ని సాధించుకుంది. గుంపుగా కొన్న సరుకును అదే ధరకు, అవే షరతులకు ఒంటరిగా కొనడం ఎక్కడా కుదరదు, మన గంటస్తంభం దగ్గర కూరల బజారులో కూడా కుదరదు.

ఇక నీ లెక్క చూద్దాం. అంకెలన్నీ నువ్వు చెప్పినవే. నెలకు నలభై డాలర్ల చొప్పున ఏడాదికి 480. క్లీనింగులు, పరీక్షలు, ఎక్స్‌రే కలిపి బయట చేయించుకుంటే 300. ప్లానులో అవి పూర్తిగా ఉచితం. సిమెంటు పెట్టవలసిన పళ్ళు రెండు, ఒక్కొక్కదానికి 200. అందులో ముందుగా నువ్వు భరించవలసిన 50 తీసేస్తే మిగిలిన 350లో వాళ్ళు ఇచ్చేది ఎనభై శాతం, అంటే 280. మొదటి ఏడాది నీకు వచ్చేది 580, నువ్వు కట్టేది 480. వంద డాలర్లు మిగిలినట్టే కనిపిస్తుంది, కానీ ఆ వంద కోసం పుచ్చిన పళ్ళు రెంటినీ ఆరు నెలలు అలాగే ఉంచుకోవాలి. పుచ్చు ఆరు నెలలు ఊరకే కూర్చోదు. అది నరం దాకా దిగితే రెండు వందల పని, పంటి నరం తీసేసే రూట్ కెనాలై, పన్నెండు వందలకు చేరుతుంది. పని ఏమీ లేని మామూలు ఏడాదిలోనైతే 480 కట్టి 300 పొందుతావు, అంటే 180 చేతి నుంచి పోతుంది.

రూట్ కెనాల్ అయిన నీ దవడ పన్నుకు వేయవలసిన క్యాపు సంగతి ఇంతకన్నా చిక్కు. డాక్టరు చెప్పిన ధర 1,300. ఏడాది ఆగి రెండో సంవత్సరంలో వేయించుకుంటే, 50 పోగా మిగిలిన 1,250లో సగం, 625 వస్తుంది. రెండేళ్ళూ కలిపి చూస్తే కట్టినది 960, పొందినది 1,505. కాగితం మీద ప్లాను గెలిచినట్టే. అయితే రూట్ కెనాల్ చేసిన దవడ పన్ను క్యాపు లేకుండా ఏడాది పాటు వేరుశెనగలూ జంతికలూ నమిలితే నిలువునా చీలే ప్రమాదం ఉంది. చీలితే పీకించుకోవడమే, ఆ పైన ఇంప్లాంటు, అంటే దవడలో నాటే కట్టుడు పన్ను, ఖర్చు వేలల్లో ఉంటుంది. ఆరు వందల కోసం పన్నును పందెం కాయడం నాకు ఇష్టం లేదు.

అందుచేత కొత్త ప్లాను కొనడానికి ముందు పాత కంపెనీ వాళ్ళను ఒక మాట అడుగు. ఇరవైమందికి తక్కువ కాకుండా ఉద్యోగులున్న సంస్థ నుంచి బయటికి వచ్చినవాళ్ళు కోబ్రా అనే అమెరికా చట్టం కింద పాత బృంద బీమాను సాధారణంగా 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చు. కంపెనీ భరించిన వాటా కూడా మనమే కట్టాలి, నిర్వహణ కింద మరో రెండు శాతం వేస్తారు. కొనసాగిస్తానని చెప్పడానికి నీకు అరవై రోజుల గడువు ఉంటుంది. ఆరోగ్య బీమా వదిలేసి పళ్ళ ప్లాను ఒక్కటే విడిగా ఉంచుకోనిస్తారా, నెలకు ఎంత పడుతుంది, ఈ రెండే అడుగు. అది పాత ప్లానే గనుక నిరీక్షణ కాలం మళ్ళీ మొదలు కాదు. నాలుగైదు నెలలు కట్టి, క్యాపు, రెండు సిమెంట్లు పూర్తి చేసుకుని, ఆ తరువాత మానుకోవచ్చు. పని డిసెంబరులో కొంత, జనవరిలో కొంత పడేటట్టు డాక్టరుతో మాట్లాడుకుంటే రెండు సంవత్సరాల హద్దులూ వాడుకోవచ్చు. కొందరు దీన్ని గడుసుతనం అంటారు, నేను మాత్రం క్యాలెండరు చూడడం వచ్చినవాడు చేసే పని అంటాను.

అది కుదరకపోతే విడి ప్లానును పక్కన పెట్టు. నీ క్లినిక్కులో రొక్కం ఇచ్చేవారికి ఎంత తగ్గిస్తారో నోరు తెరిచి అడుగు. బీమా కాని డిస్కౌంట్ ప్లాన్లు కూడా ఉన్నాయి. వాటికి ఏడాదికొకసారి రుసుము కడితే వాళ్ళ జాబితాలోని డాక్టర్లు ధర తగ్గిస్తారు, గడువులూ గరిష్ఠాలూ సాధారణంగా ఉండవు. మీ ఊళ్ళో దంతవైద్య కళాశాల ఉంటే అక్కడ విద్యార్థులు అధ్యాపకుల కళ్ళెదుట చేసే పనికి తక్కువ పుచ్చుకుంటారు. మీ అమ్మ పళ్ళ సెట్టు శ్రీకాకుళం దగ్గర చాపురం కళాశాలలోనే చేయించాం. నాలుగు పూటలు ఎక్కువ పట్టింది గాని పనికి వంక పెట్టలేం. కోడలి ఉద్యోగంలో ఆదాయపు పన్ను పడని వైద్య ఖాతా ఏదైనా ఉంటే క్యాపు ఖర్చు అందులోంచి పెట్టు.

ఇవన్నీ కాదని ప్లానే కొంటే, చిన్న అక్షరాలలో రెండు చోట్ల వేలు పెట్టి చదువు. ప్లాను మొదలయ్యే నాటికే లేని పన్ను స్థానంలో కొత్తది పెట్టించుకుంటే ఇవ్వమని కొన్నిటిలో ఉంటుంది. పంటి రంగు సిమెంటు పెట్టించుకున్నా వెండి రంగు సిమెంటు ధర మేరకే ఇస్తామని మరికొన్నిటిలో ఉంటుంది.

మనవడి విషయం వేరు. అమెరికా చట్టంలో పిల్లల పళ్ళ వైద్యం ఆరోగ్య బీమాలో ముఖ్యమైన అంశాలలో ఒకటి, పెద్దవాళ్ళది కాదు. వాడి పళ్ళు మీ ఆరోగ్య ప్లానులోనే చేరి ఉన్నాయేమో చూసుకో, ఒకే దానికి రెండుసార్లు కట్టవద్దు. వాడికి ఆరేళ్ళు వస్తున్నాయి. పాలపళ్ళ వెనక ఇప్పుడు వచ్చే దవడ పన్ను ఊడిపోయేది కాదు, జన్మంతా ఉండవలసిన పన్ను. చాలామంది దాన్ని పాలపన్నే అనుకుని వదిలేస్తారు. నీ విషయంలో మేమూ అలాగే వదిలేశాం, ఇప్పుడు క్యాపు అడుగుతున్నది ఆ పన్నే. మనవడి ఆ పంటి గాడుల్లో పుచ్చు పట్టకుండా పూత వేస్తారు, అడిగి వేయించు.

ఇంత లెక్క చెప్పాక నా లెక్కకు అడ్డం వచ్చే ఒక మాట కూడా నేనే చెప్పాలి. డబ్బు కట్టేశాం గదా అని మనిషి డాక్టరు దగ్గరకు వెళతాడు, కట్టకపోతే వెళ్ళడు. నాకు బీమా లేదు. మన దేశంలో మామూలు ఆరోగ్య పాలసీలు ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పళ్ళకు సాధారణంగా ఇవ్వవు. కింది దవడ పన్ను సలిపినప్పుడల్లా లవంగం నొక్కి పెట్టి నాలుగేళ్ళు గడిపాను, చివరకు పీకించుకున్నాను. ఎదురు పన్ను ఆనుకునేది లేక కిందికి దిగి, అదీ కదిలింది. మొదటే వెళ్ళి ఉంటే కొన్ని వందల రూపాయలతో పోయేది. మీ నాయనమ్మ సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. కళింగపట్నం వైపు ఆడవాళ్ళలాగే ఆవిడకూ చుట్ట అడ్డపొగ తాగే అలవాటు ఉండేది, నిప్పు నోట్లోకి పెట్టుకుని. అంగిట్లో తెల్లగా పొర కట్టి పుండు పడితే చుట్ట కాలిందనే అనుకున్నాం. విశాఖపట్నం తీసుకువెళ్ళేసరికి అది క్యాన్సరు అన్నారు. ఏడాదికొకసారి ఎవరైనా నోరు తెరిపించి చూసి ఉంటే ముందే కనిపించేది. పళ్ళ డాక్టరు పళ్ళతో పాటు నాలుక, అంగిలి కూడా చూస్తాడు. నీకు ఆ అలవాటు లేదు, అయినా ఏడాదికి రెండుసార్లు ఆ కుర్చీలో కూర్చోవడం మానవద్దు. నెలకు నలభై డాలర్లు కడితే తప్ప కదలని స్వభావం నీదైతే, నా లెక్కలో పోయే 180 పోనీ, ప్లాను తీసుకో. నీ స్వభావం నీకు తెలుసు. నాకూ కొంత తెలుసు.

సిరిమానోత్సవానికి వచ్చినప్పుడు ఇక్కడే క్యాపు వేయించుకోమని అమ్మ అంటోంది. ధర మాట నిజమే, అక్కడి ఖర్చులో చిన్న భాగంతో అయిపోతుంది. కానీ నువ్వు వచ్చేది పది రోజులకు, అందులో సగం బంధువుల ఇళ్ళకు. అచ్చు తీసి, క్యాపు తయారై వచ్చి, కొరుకు సరిచూసుకోవడానికి తీరిక ఉండాలి. తిరిగి వెళ్ళాక అది కదిలితే ఇక్కడి డాక్టరు ఏం చేయగలడు? అయినా అప్పటిదాకా ఆ పన్నును అలా ఉంచకు.

పాత కంపెనీ వాళ్ళు ఇచ్చిన జవాబు, నెలకు చెప్పిన మొత్తం వచ్చే ఆదివారం ఫోనులో చెప్పు. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని కూర్చుంటాను.

ఆశీస్సులతో,
నాన్న