ఒడిశాలోని గజపతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

పర్లాకిమిడి, కాశీనగర్ వైపు నుంచి బరంపురం వెళ్లి లా చదివే మన తెలుగు పిల్లల్ని మీ ఉచిత న్యాయ సహాయ లాయర్ల దగ్గర సహాయకులుగా పెట్టండి. సెక్షన్లు బట్టీ పట్టడం వాళ్లకి ఎలాగూ వచ్చు, కేసు కట్ట విప్పి చదవడమే రావాలి.

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా లాయరు దొరుకుతాడు. దొరికాక మాట్లాడుకోవాలి కదా! కాగితాలేమో ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. నిందితుడికి తెలుగో, సవర భాషో తప్ప రాకపోవచ్చు.

కోర్టులో వాదించే హక్కు విద్యార్థులకి లేదు, సరే. వాదనకి ముందు పని మాత్రం బోలెడుంది. గంజాయి కేసులే చూడండి. సరుకు 20 కిలోలు దాటిందంటే బెయిల్ దాదాపు అందని పండే. పూత లేని ఆకులు, గింజలు మాదకద్రవ్యాల చట్టం లెక్కలో గంజాయి కావు. మరి తూకంలో ఏం కలిపారు? జప్తు కాగితం ఓపిగ్గా చదివితేనే తెలుస్తుంది.

మామూలు కేసుల్లో 60 లేదా 90 రోజుల్లో, 20 కిలోలు దాటిన గంజాయి కేసుల్లో 180 రోజుల్లో చార్జిషీటు పడకపోతే బెయిల్ హక్కు వస్తుంది, కానీ చార్జిషీటు పడేలోపే అడగాలి. ఆ తేదీలు లెక్కగట్టడం, జామీనుకి పట్టా, రేషన్ కార్డు సమకూర్చడం కుర్రాళ్లు చేయగలరు.

క్లయింటు చెప్పింది బయటపెట్టబోమని వాళ్ల దగ్గర రాతపూర్వకంగా హామీ తీసుకోండి. బస్సు ఛార్జీలు మాత్రం ఇప్పించండి, ఉత్త సర్టిఫికెట్‌తో సరిపెట్టకండి.

ఇట్లు,
పర్లాకిమిడి వాసి ఒకరు