అమ్మా, ఆ కళ్ళజోడు బీరువాలో పెట్టేయకు

వెంట్‌వర్త్‌విల్, సిడ్నీ
ఆదివారం రాత్రి

అమ్మా,

మొన్న వీడియో కాల్‌లో నువ్వు గడ్డం పైకెత్తి, కళ్ళు కిందికి దించి ఫోన్‌లో నన్ను వెతుక్కుంటూ ఉన్నావు. కొత్త కళ్ళజోడు ఏదమ్మా అంటే "బీరువాలో పెట్టేశానే, ఈ వయసులో నాకవి అలవాటు కావు, పాతవే నయం" అన్నావు. ఆ మాట నాలుగు రోజులుగా నా మనసులోంచి పోవడం లేదు. ఫోన్‌లో చెబుదామంటే సగంలో కుక్కర్ కూతకి లేచి వెళ్ళిపోతావు, అందుకే రాస్తున్నాను. తమ్ముణ్ణి పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసిమ్మన్నాను, తీరిగ్గా చదువు, నాన్నకి కూడా వినిపించు.

ముందుగా ఒక మాట. అలవాటు కాకపోవడం నీ వయసు తప్పు కాదు. డబ్బు పంపించి "ప్రోగ్రెసివ్ తీసుకో, మంచివి" అని ఫోన్‌లో చెప్పేసి ఊరుకున్నాను చూడు, అది నా తప్పు. గీత లేకుండా దూరం, మధ్య, దగ్గర మూడూ ఒకే అద్దంలో చూపించే ఆ ప్రోగ్రెసివ్ అద్దాలు ఎలా పనిచేస్తాయో, షాపులో ఏం చూసుకోవాలో నీకు గానీ తమ్ముడికి గానీ చెప్పలేదు. అప్పటికి నాకూ తెలియదు. నాకే చత్వారం వచ్చి, ఇక్కడ నేనూ అవే పెట్టుకుని మూడు వారాలు ఇబ్బంది పడ్డాక తెలిసింది.

అమ్మమ్మ దాన్ని చాళేశ్వరం అనేది, గుర్తుందా? నలభై దాటాక కంట్లో ఉండే కటకం గట్టిపడుతుంది, చిన్నప్పటిలా దగ్గరికీ దూరానికీ ఆకారం మార్చుకోలేదు. అది అందరికీ వచ్చేదే. దూరం చూడ్డానికి నీకు +1.00 ఉంది, దగ్గరికి దాని మీద ఇంకో +2.50 కలపాలి, దాన్నే చీటీలో యాడ్ అని రాస్తారు. ఆ 2.50 అంటే ఏమిటో నాకు ఇక్కడి కళ్ళ పరీక్షావిడ చెప్పింది, చాలా తేలిక లెక్క: 100ని 2.5తో భాగిస్తే 40. అంటే ఆ పవర్‌తో 40 సెంటీమీటర్ల దగ్గర అక్షరం స్పష్టంగా ఉంటుంది, అక్కడి నుంచి దూరం జరిగే కొద్దీ మసకబారుతుంది.

ఇప్పుడు నీ పాత బైఫోకల్ తీసుకో. పైన దూరం, కింద గుండ్రటి బిళ్ళలో దగ్గర. మన షాపుల్లో దాన్ని కెటి అంటారు, పైన గీత అడ్డంగా తిన్నగా ఉంటే డి అంటారు. ఇలా రెండు చూపుల్ని ఒకే ఫ్రేములో పెట్టిన పేరు అమెరికా బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కి దక్కింది, 1780ల నాటి సంగతి. మంచి అద్దాలే, నేను కాదనను. చవక, దగ్గర భాగం వెడల్పుగా ఉంటుంది, పక్కలకి వంకర ఉండదు, రెండో రోజుకే అలవాటైపోతాయి. కానీ వాటిలో రెండే దూరాలు ఉన్నాయి, నీ పనులకి రెండు చాలవు. సహస్రనామం పుస్తకం 40 సెంటీమీటర్లలో ఉంటుంది, సరే. కత్తిపీట ముందు కూర్చుంటే వంకాయకీ నీ కంటికీ మధ్య 60, 65 ఉంటుంది. దానికి కావలసిన యాడ్ 1.50 చిల్లర, నీ బిళ్ళలో ఉన్న యాడ్ 2.50, పైన యాడ్ సున్నా. రెండింట్లోంచీ మసకే. ముగ్గు వేసేటప్పుడు ఒంగి చూసే చుక్కలకీ అంతే, దేవుడి అరలో వత్తి సరిచేసేటప్పుడూ అంతే. పోయిన సంక్రాంతికి నువ్వు వేలు కోసుకున్నప్పుడు "చూసుకోలేదే" అన్నావు. చూసుకోకపోవడం కాదమ్మా, ఆ దూరానికి నీ కళ్ళజోట్లో అద్దమే లేదు.

ఆ మధ్య దూరం కోసమే 1827లో హాకిన్స్ అనే ఆయన మూడు భాగాల అద్దం చేశాడు, రెండు గీతలతో. ఇప్పుడు దాదాపు ఎవరూ పెట్టుకోరు. గీతలే లేకుండా పవర్ పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా పెరిగేలా అద్దం చెయ్యొచ్చన్న ఆలోచన కూడా పాతదే, 1907లోనే దానికి పేటెంటు ఉంది. జనం నిజంగా పెట్టుకునేలా చేసింది మాత్రం ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ మెతెనాజ్ అనే ఇంజనీరు, 1959లో వారిలక్స్ పేరుతో వచ్చింది. నీ బీరువాలో ఉన్నది ఆ వంశంలోదే. ఇక్కడ వాటిని మల్టీఫోకల్స్ అంటారు.

అందులో పైన దూరం ఉంటుంది, కింద దగ్గర, మధ్యలో ఒక సన్నటి దారి. కళ్ళు ఆ దారిలో కిందికి దిగే కొద్దీ పవర్ పెరుగుతుంది, నీ కత్తిపీటకి కావలసిన 1.50 ఆ దారి మధ్యలో ఎక్కడో ఉంటుంది. మరి పక్కలకి చూస్తే నేల తేలిపోతున్నట్టు, గుమ్మం వంకరపోతున్నట్టు ఎందుకుంటుందంటే, నీళ్ళు నింపిన సంచిని ఒకచోట నొక్కితే పక్కకి ఉబ్బుతుంది కదా, అలాగన్నమాట. మధ్యలో పవర్ నున్నగా పెంచాలంటే ఆ వంకర ఎక్కడికో పోవాలి, అది కింది పక్కలకి పోతుంది. ఎంత ఖరీదైన అద్దంలోనైనా అది పూర్తిగా పోదు. మింక్‌విట్జ్ అనే జర్మన్ గణితవేత్త 1963లోనే లెక్క కట్టి చూపించాడు, దారిలో పవర్ ఎంత వేగంగా పెరిగితే దారి పక్కన ఆ మసక దానికి రెట్టింపు వేగంతో పెరుగుతుందట. యాడ్ ఎక్కువైతే, దారి పొట్టిదైతే పక్కలు మరీ చెడిపోతాయి. ఇప్పుడు ఫ్రీఫామ్ అని కంప్యూటర్ లెక్కతో ఒక్కొక్కరికీ తగ్గట్టు చెక్కుతున్నారు, వాటిలో మసకని కొంత పలచగా, కొంత ఇబ్బంది లేని చోటికి సర్దుతారు. నావి అవే. తేడా ఉంది, కానీ డబ్బు ఎక్కువ పెట్టినంత మాత్రాన పని అయిపోదు, అది నేను నా మీదే చూశాను.

నా మొదటి జత సంగతి చెప్తాను. ఆఫీసులో రెండు స్క్రీన్ల ముందు రోజంతా జీతాల లెక్కలు చూస్తాను కదా, వారం తిరిగేసరికి మెడ పట్టేసింది, గడ్డం ఎత్తితే గానీ అంకెలు కనపడలేదు. పర్రమట్టా స్టేషన్‌లో మెట్లు దిగుతుంటే కింది మెట్టు కదిలినట్టై రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాను. తిరిగి వెళ్తే "అలవాటవుతుంది, ఆగండి" అన్నారు. రెండు వారాలు ఆగాను, మూడో వారం ఇంకో షాపుకి వెళ్ళాను. అక్కడావిడ నా ఎదురుగా, నా కళ్ళ ఎత్తుకి సరిగ్గా కూర్చుని, తిన్నగా చూడమని, ఫ్రేము అద్దం మీద కంటి పాపకి ఎదురుగా పెన్నుతో చుక్క పెట్టింది. మొదటి జతలో ఆ చుక్క ఉండాల్సిన చోటికి 3 మిల్లీమీటర్లు కిందికి అద్దం కూర్చుంది. అంతే. 3 మిల్లీమీటర్లకి నేను మూడు వారాలు నా కళ్ళనే తిట్టుకున్నాను. కొత్తగా కొలిచి చేసినవి పెట్టుకున్నాక నాలుగైదు రోజుల్లో వాటి ధ్యాసే మర్చిపోయాను.

నీకు జరిగింది కూడా ఇలాంటిదే అని నా గట్టి అనుమానం. "తల వెనక్కి వాలిస్తేనే చదవగలుగుతున్నా" అన్నావు. దగ్గర భాగం నీ కంటికి అందనంత కిందికి ఉందన్నమాట. ముందు తేలికది చూడు, ఫ్రేము ముక్కు మీదికి జారుతోందా? జారితే అద్దం మొత్తం దిగిపోతుంది, చెవి దగ్గర కాడలు వంచి, ముక్కు దగ్గర బిగిస్తే చాలు. రెండోది ఫ్రేము. తమ్ముడు పంపిన ఫోటోలో ఆ ఫ్రేము సన్నగా, వెడల్పుగా ఉంది, చూడ్డానికి బావుంది, కానీ ప్రోగ్రెసివ్‌కి కింద చోటు కావాలి. కంటి పాప నుంచి ఫ్రేము కింది అంచు దాకా, డిజైన్‌ని బట్టి, 14 నుంచి 18 మిల్లీమీటర్లు ఉండాలి. లేకపోతే చదివే భాగాన్నే కోసి పారేసినట్టు. పై చూపుకీ దగ్గర చూపుకీ డబ్బు కట్టి పై చూపు ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నట్టు.

మూడోది ఆ కొలత. అద్దాన్ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని నోటితో ఆవిరి ఊది చూడమను తమ్ముణ్ణి, ఒక్కో అద్దంలో రెండు చిన్న చుట్టలు, అంటే గుండ్రటి గుర్తులు కనిపిస్తాయి, రెంటి మధ్య 34 మిల్లీమీటర్లు. బయటివైపు చుట్ట కింద యాడ్ ఎంతో చెక్కి ఉంటుంది, అది నీ చీటీతో కలుస్తుందా చూసుకోవాలి. కళ్ళద్దాల షాపులో ఆ కంపెనీ చార్టు మీద ఈ చుట్టల్ని కలిపి పెట్టి, కంటి పాప ఎక్కడికి రావాలో పెన్నుతో గుర్తు పెట్టగలరు. ఆ గుర్తుతో నువ్వు కళ్ళజోడు పెట్టుకుని నిలబడితే సరిపోయిందో లేదో అక్కడే తెలిసిపోతుంది. కుడి కన్నుకీ ఎడమ కన్నుకీ ముక్కు మధ్య నుంచి కొలత విడివిడిగా తీయాలి, రెండూ కలిపి ఒకటే అంకె వేస్తే కుదరదు. ఇదంతా మొహమాటం లేకుండా అడగండి. బిల్లు దాచావా? చాలా చోట్ల ఫలానా రోజుల్లోపు అలవాటు కాకపోతే తిరిగి చేసిస్తారు, నీ బిల్లు మీద ఏం రాసుందో చూడమను.

దానికంటే ముందు ఇంకొకటి. ఎడమ కంట్లో శుక్లం మొదలైందని పోయినేడు అన్నారు కదా. అది పెరిగి ఉంటే ఏ అద్దం పెట్టినా ఆ మసక పోదు, ఊరికే అద్దాల్ని అనుకుంటాం. తెనాలి నుంచి బెజవాడ ఎంతసేపు, తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ వాళ్ళ కంటి ఆసుపత్రి ఉంది, ఒక పూట వెళ్ళి చుక్కలు వేయించుకుని పూర్తిగా చూపించుకురా. పవర్ చీటీ అక్కడిదే తీసుకుని తర్వాత షాపుకి వెళ్ళండి.

అన్నీ సరిచేశాక కూడా నాలుగు రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. పొద్దున్న లేచినప్పటి నుంచి అవే పెట్టుకో, మధ్యలో పాతవి తియ్యకు, రెండింటి మధ్య మారుతుంటే కంటికి ఎప్పటికీ కుదరదు. పక్కకి చూడాలంటే కళ్ళు తిప్పకు, తల తిప్పు, ముక్కు ఎటుంటే చూపు అటు. ముందు కూర్చుని చేసే పనులతో మొదలుపెట్టు, పూలు కట్టడం, టీవీ చూడ్డం. మేడ మెట్లు మాత్రం వద్దు.

మెట్ల దగ్గర నాకు నిజంగా భయం, అమ్మా. కింది మెట్టు నీ కంటికి మీటరున్నర దూరంలో ఉంటుంది, కళ్ళు దించితే దాన్ని చదివే అద్దంలోంచి చూస్తావు, 40 సెంటీమీటర్ల అద్దంలోంచి. బైఫోకల్‌తోనూ ఇదే గొడవ, పాతవి నయం అనుకుంటున్నావు గానీ ఈ విషయంలో అవేం నయం కావు. ఇక్కడ ఆస్ట్రేలియాలో ఇలాంటి అద్దాలు పెట్టుకునే 600 మందికి పైగా పెద్దవాళ్ళ మీద ఒక పరిశోధన చేశారు, 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. సగం మందికి బయట నడిచేటప్పుడు పెట్టుకోమని దూరపు చూపు ఒక్కటే ఉన్న కళ్ళజోడు అదనంగా ఇచ్చారు. బాగా బయట తిరిగేవాళ్ళలో పడిపోవడం దాదాపు 40 శాతం తగ్గింది. ఇంట్లోంచి పెద్దగా కదలని వాళ్ళకి మాత్రం మేలు జరగలేదు, బయట పడిపోవడాలు వాళ్ళలో పెరిగాయి కూడా. నువ్వు రోజూ గుడికీ, రైతు బజారుకీ నడిచే మనిషివి, నాకు తెలిసి ఊళ్ళో నీ అంత తిరిగేవాళ్ళు తక్కువ. అందుకే నీకు +1.00 దూరపు కళ్ళజోడు ఒకటి మామూలు అద్దాలతో చేయించమన్నాను, చెప్పుల స్టాండు పక్కన మేకుకి తగిలించు, బయటికి వెళ్ళేటప్పుడు అది. కూరగాయల ధర బోర్డు దాంట్లోంచి కనిపిస్తుంది, చిల్లర లెక్కపెట్టేది ఎలాగూ వేళ్ళతోనే కదా నువ్వు. ఎప్పుడైనా ప్రోగ్రెసివ్‌తోనే మెట్లు దిగాల్సి వస్తే గడ్డం ఛాతీకి ఆనేలా తల వంచి, అద్దం పై భాగంలోంచి మెట్టు చూడు, చెయ్యి గోడకి ఆనించు.

నాన్నకి మాత్రం ప్రోగ్రెసివ్ వద్దు. ఆయన పడక కుర్చీలో వెనక్కి వాలి పేపరు ముఖానికి ఎదురుగా ఎత్తి పట్టుకుంటారు, అప్పుడు చూపు దూరపు భాగంలోకి పోతుంది, ఒక్క అక్షరం కనపడదు. ఆయనకి చదువుకునే అద్దాలు విడిగా ఉన్నవే సరైనవి, పేజీ అంతా ఒకే తీరుగా కనిపిస్తుంది. నేనూ ఆఫీసుకి వేరే జత చేయించుకున్నాను, స్క్రీనుకీ కాగితానికీ మాత్రమే సరిపోయేవి, ఆఫీస్ లెన్స్ అంటారు. మధ్య దారి వెడల్పుగా ఉండటంతో మెడ నొప్పి పోయింది, కానీ వాటితో రోడ్డు దాటకూడదు, బండి నడపకూడదు.

నువ్వు ప్రోగ్రెసివ్ పెట్టుకుని తిన్నగా నిలబడి ఉండగా ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటోలు తీసి పంపమను తమ్ముణ్ణి. స్కేలు పెట్టి కంటి పాప నుంచి కింది అంచు దాకా ఎన్ని మిల్లీమీటర్లో రాయమను. 14 కూడా లేకపోతే ఆ ఫ్రేముని వదిలేద్దాం, కాస్త లోతున్న ఫ్రేములో కొత్త అద్దాలు వేయిద్దాం, డబ్బు గురించి ఆలోచించకు. శనివారం నీకు పొద్దున్న ఏడింటికి ఫోన్ చేస్తాను, కుక్కర్ అప్పుడు పెట్టకు.

నీ
పెద్దమ్మాయి